డబ్బీమీది వ్రాత

పంచాయతీ సభ్యులారా,

ఇటీవల ఒక సంతలో మేము మూడు డబ్బీలు కొంటిమి. ఒకటి పెదవులకు, ఒకటి చర్మపు పగుళ్లకు, మూడవది ముఖము తెల్లబడుటకు.

మొదటి రెండింటిపై ద్రవ్యముల పట్టిక కలదు. అక్షరములు చీమతలలంత, బడిపిల్లవానిచేత చదివించితిమి. తూకములో అధికముగా నున్న ద్రవ్యము పేరు ముందు వ్రాయవలెనని నియమము. రెండింటను మొదటి పేరు పెట్రోలియం జెల్లీయే! పెదవులదానిలో కొంత మైనము, సువాసన అదనము. జెల్లీ తేమనీయదు, ఉన్న తేమను పోనీయదు. పెదవులకు రాచినది కొంత కడుపులోనికి పోవును గనుక రంగు, వాసన లేనిదే మేలు.

మూడవదానిపై పట్టిక లేదు, తయారుచేసినవారి చిరునామాయు లేదు. ఇట్టి క్రీములలో పాదరసము కలుపుట కలదు. అది చర్మముగుండా రక్తమున జేరి మూత్రపిండములను చెరచును. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇట్టి క్రీములు వాడినవారికి మూత్రపిండవ్యాధి కలిగినట్లు వైద్యులు 2023లో వెల్లడించిరి. ముఖమునకు రాచు క్రీములలో పాదరసము కలుపుటను 2020 నాటి నియమములు నిషేధించినవి.

మీ సంతలో అట్టి డబ్బీ కనిపించినచో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయుడు. అమ్మువానిని కసరిన లాభము లేదు. వానియింటను అదే క్రీము వాడుచుందురేమో.