మన నడక ఎంతో మనమే కొలుచుకుందాం

నేను పదో తరగతి చదివినోణ్ని, డాక్టర్‌ను కాను. నాకు జరిగింది చెప్తా, పనికొస్తే తీసుకోండి.

నాకు షుగర్ వచ్చి రెండేండ్లు. డాక్టర్ రోజూ నడవమన్నడు. డ్యూటీ అయినంక క్యాంపు గోడ చుట్టూ ఎనిమిది రౌండ్లు తిరిగేది. రౌండుకు అర కిలోమీటరు అని అందరూ అంటే నేనూ నమ్మిన. కానీ షుగర్ దిగలే. "రోజుకు ఎంత నడుస్తున్నారు?" అని డాక్టర్ అడిగితే, "నాలుగు కిలోమీటర్లు" అని గట్టిగ చెప్పిన. అంత నడిచినా తగ్గకపోతే గోళీ పెంచాల్సిందే అన్నడు.

రూముకొచ్చి ఆలోచించిన. సైట్‌ల గోడ కొంచెం తేడా వస్తే అరిచేటోణ్ని, నా నడకకు ఒక్కనాడు టేపు పెట్టలే! తెల్లారి కొలిచిన. పొడుగు 90 మీటర్లు, వెడల్పు 50. చుట్టూ 280. ఎనిమిది రౌండ్లకు 2,240 మీటర్లే. అది కూడా ఇంటికి ఫోన్ మాట్లాడుకుంట, 40 నిమిషాలు.

మళ్లీ పోయి డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పిన. "సరే, మూడు నెలలు చూద్దాం" అన్నడు.

గోడ కొలవరాని చోట అడుగులు కొలవండి. నేల మీద గీత గీసి, మామూలుగా పది అడుగులు నడిచి, టేపు పట్టండి. నాకు 7 మీటర్లు వచ్చింది, అంటే అడుగు 70 సెంటీమీటర్లు. వెయ్యి అడుగులకు 700 మీటర్లు. పక్కోని లెక్క మీకు సరిపోదు, పొడుగు మనిషి అడుగు వేరు, పొట్టి మనిషి అడుగు వేరు. ఫోన్ చూపే దూరం కూడా చాలాసార్లు అందాజే. జిమ్ముల ట్రెడ్‌మిల్ ఉంటే, స్పీడు 5 పెట్టి అరగంట నడిస్తే రెండున్నర కిలోమీటర్లు.

దూరం ఒక్కటే చాలదు, జోరు కూడా ఉండాలె. నడుస్తుంటే మాట్లాడగలగాలె, పాట మాత్రం పాడలేకపోవాలె. అదే సరైన జోరు. ఇప్పుడు నేను ఫోన్ రూముల పెట్టి, 36 నిమిషాల్ల 11 రౌండ్లు తిరుగుతున్న. 3,080 మీటర్లు.

మూడు నెలల పరీక్షల షుగర్ దిగింది. గోళీ పెంచలే. అట్లని నేను ఆపనూ లేదు, డాక్టర్‌ను అడగకుండ మీరూ ఆపకండి.

ఎండాకాలం పొద్దు గుంకినంకనే నడవండి, నీళ్లు దగ్గర పెట్టుకోండి. సేఫ్టీ బూట్లతోని నడవొద్దు. షుగర్ ఉన్నోళ్లు రాత్రి పాదాలు చూసుకోండి. గుండెల నొప్పి, కండ్లు తిరుగుడు ఉంటే అక్కడే ఆగి పక్కోన్ని పిలవండి.

టేపు నా రూముల ఉంటది. ఎవరికి కావాల్నన్నా వచ్చి తీసుకపోండి.