కామాఠిపురమున కట్టబోవు మేడలు



ముంబయి నడిబొడ్డుననున్న కామాఠిపురము తెలుగు నేలనుండి వచ్చిన కామాఠీ శ్రామికుల పేర వెలసినది. నెంబర్లతో పిలువబడు ఆ గల్లీలలో క్రింద అంగడి, పైన కాపురము. మన పెద్దలెరిగిన జీవనమిదియే. ఆ పాత ఇండ్లు శిథిలములైనవి. వానిని మ్హాడా అను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థద్వారా పునర్నిర్మించుటకు మహారాష్ట్ర ప్రభుత్వము 2023లో అనుమతించినది. మేము దీనిని వ్యతిరేకింపము. కూలనున్న కప్పుక్రింద కాపురము చేయుడని ఎవ్వరికిని చెప్పజాలము.

అయితే ఒక్క సంగతి గమనింపుడు. 2006 నాటి కేంద్ర పర్యావరణ ప్రకటన పెద్ద భవననిర్మాణ పథకములను బహిరంగ విచారణనుండి మినహాయించినది. కావున మనలను పిలిచి అడుగుదురని వేచియుండుట తగదు. అంగీకారపత్రముపై సంతకము చేయుటకు ముందే మనము ప్రశ్నింపవలెను. అద్దెదారునకు ఎన్ని చదరపుటడుగులు? క్రింది అంతస్తు అంగడి చిన్న వర్తకునకే దక్కునా? పని ముగియువరకు బస యెచ్చట? నెలనెల నిర్వహణ వ్యయము ఎవరు భరింతురు? జవాబులు వ్రాతమూలకముగా, మనకర్థమగు భాషలో నుండవలెను. నోటిమాటలు నీటిమూటలే.

ప్రతి గల్లీవారును భాషాభేదము లేక ఒకచోట చేరి, పత్రములు చదివించుకొని, పిమ్మటనే సంతకము చేయవలెనని మా మనవి. పేరు నిలిచి మనుష్యులు లేని పురము మనకేల?