మంచితనం అలవాటా, వరమా?



మంచి పనులు చేయగా చేయగా మనిషి మంచివాడవుతాడా? లేక ముందు మంచివాడైతేనే మంచి పనులు చేయగలుగుతాడా? 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అరిస్టాటిల్ బాట పట్టి, వివేకం, న్యాయం, ధైర్యం, మితం వంటి గుణాలు అభ్యాసంతో అబ్బుతాయన్నాడు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ మాత్రం దేవుడిస్తేనే వస్తాయన్నాడు. 1517లో మార్టిన్ లూథర్ ఆ అరిస్టాటిల్ మీదే విరుచుకుపడ్డాడు. నీతిపనులు చేసి ఎవరూ నీతిమంతులు కారని, దేవుడు నీతిమంతుల్ని చేశాకే ఆ పనులు పుడతాయని ఆయన వాదం.

అంతమాత్రాన లూథర్ అభ్యాసాన్ని గాలికొదిలేశాడనుకుంటే పొరపాటే. సాక్సనీ పల్లెల్లో జనానికి పది ఆజ్ఞలైనా రావని చూసి ఆయన తల్లడిల్లిపోయాడు. 1529లో చిన్న కాటెకిజం అనే ప్రశ్నోత్తరాల బోధ రాశాడు. మొదట అది గోడకు తగిలించే కాగితాలుగా అచ్చయింది. ఇంటి పెద్ద ఇంటిల్లిపాదికీ నేర్పాలి.

కాథలిక్ సంఘంలో జెసూట్ సమాజాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా పద్ధతి వేరు. 1548లో అచ్చయిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ ప్రకారం, సాధకుడు మానుకోవలసిన తప్పు ఒకటి ఎంచుకుంటాడు. కాగితం మీద రోజుకు రెండేసి గీతలు గీస్తాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి, రాత్రి భోజనమయ్యాక మరోసారి గంట గంటా గుర్తుచేసుకుని, తప్పిన ప్రతిసారికీ ఒక చుక్క పెడతాడు. నలుగురిలో ఉండగా తప్పు దొర్లితే ఎవరి కంటా పడకుండా గుండె మీద చేయి వేసుకుంటాడు. లూథర్ మాత్రం రాత్రి ప్రార్థన ముగియగానే సంతోషంగా నిద్రపొమ్మన్నాడు.

ఈ రెండూ కావాలి. చుక్క పెట్టనివాడికి తన తప్పు కనబడదు. ఆ చుక్కల్ని దేవుడి ముందు మార్కుల జాబితాలా పరిస్తే మాత్రం లూథర్ భయపడిందే జరుగుతుంది. మోక్షానికి కృపే ఆధారమని లూథరన్, కాథలిక్ సంఘాలు రెండూ కలిసి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలు చేశాయి.

తెలుగునాట ఈ రెండు వారసత్వాలూ ఇరుగుపొరుగునే ఉన్నాయి. గుంటూరులో లూథరన్ మిషన్ 1885లో స్థాపించిన ఆంధ్ర క్రైస్తవ కళాశాల. కృష్ణ దాటితే విజయవాడలో జెసూట్ల లొయోలా కళాశాల.

ఒక చోట ఇద్దరి మాటా ఆశ్చర్యంగా కలుస్తుంది. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞకు లూథర్ చెప్పిన అర్థం: పొరుగువాడి వెనక నిలబడాలి, అతని గురించి మంచి మాట్లాడాలి, అతను చేసిన ప్రతిదానికీ మంచి అర్థమే తీయాలి. ఇగ్నేషియస్ కూడా ఎదుటివాడి మాటను తప్పుపట్టడానికి ముందు మంచిగా అర్థం చేసుకోమన్నాడు. కుదరకపోతే నీ ఉద్దేశమేమిటని అతన్నే అడగమన్నాడు. అప్పటికీ తప్పేనని తేలితే ప్రేమతో దిద్దమన్నాడు. తోటి ఉద్యోగి పంపిన ఘాటైన మెయిల్, మేనేజరు పొడిపొడి మాట, వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి వచ్చిన ఆరోపణ: ఈ అలవాటు మొదలుపెట్టడానికి పట్టభద్రులకు ఉద్యోగంలో మొదటి వారమే సరిపడా అవకాశాలిస్తుంది.