కదిలే వాలుతలం – ఘర్షణ దిశ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భౌతికశాస్త్రంలో విద్యార్థి ధైర్యాన్ని పరీక్షించే లెక్క ఒకటున్నది. నేలమీద ఒక వాలుదిమ్మ; దాని వాలుముఖంపై చిన్న చెక్క. వాలుముఖం ముందుండేటట్లు దిమ్మను వెనుకనుంచి అడ్డంగా నెట్టుతారు. చెక్క జారక నిలవాలంటే త్వరణమెంత ఉండవలె?

పెక్కుమంది తడబడేది “ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది” అన్న వాక్యం వద్దనే. దానిని వల్లించిన బాలుడు, చెక్క ముందుకు పోతున్నది గనుక ఘర్షణను వెనక్కి గీస్తాడు. ఘర్షణ వ్యతిరేకించేది రెండు తలాల నడుమ జారుడును, జారబోయే ప్రయత్నాన్ని. కనుక ముందుగా వేసుకోవలసిన ప్రశ్న: ఘర్షణే లేకుంటే చెక్క ఎటు జారుతుంది?

వాలు ఎత్తుకూ అడుగుకూ నిష్పత్తి 3:4, స్థైతిక ఘర్షణ గుణకం 0.5, గురుత్వ త్వరణం 10 మీ./సె² అనుకొందాము. నున్నని వాలుపై చెక్క 7.5 త్వరణం వద్ద మాత్రమే నిలుస్తుంది. అంతకు తగ్గితే కిందికి జారబోతుంది. ఘర్షణ వాలువెంట పైకి పనిచేస్తుంది. మించితే పైకి పాకబోతుంది. ఘర్షణ కిందికి తిరుగుతుంది.

ఇక బలాలను అడ్డంగా, నిలువుగా విడదీయవలె. కనిష్ఠ త్వరణం వద్ద, అభిలంబ ప్రతిచర్యలో అడ్డంగా 0.6 నుంచి 0.4 పోగా 0.2 వంతు మిగులుతుంది, నిలువుగా 0.8కి 0.3 చేరి 1.1 వంతు బరువును మోస్తుంది. 0.2ను 1.1తో భాగించి 10తో హెచ్చిస్తే సుమారు 1.8. గరిష్ఠం వద్ద అడ్డంగా 1 వంతు, నిలువుగా 0.5 వంతు; త్వరణం 20. ఈ రెండింటి నడుమ చెక్క నిలుస్తుంది.

వాలు సమవేగంతో పోతే? ఎంత వేగమైనా నిశ్చలమైన వాలుతో సమానమే, చెక్క జారిపోతుంది. 1632లో గెలీలియో ఓడ గదిని ఉదాహరించి చెప్పిన సత్యమిదే.

పరభాషా ప్రాంతంలో పిల్లలను తెలుగు మాధ్యమంలో చేర్చిన తల్లిదండ్రులకు, పై చదువుల ఆంగ్లం గురించిన బెంగ సహజం. కళాశాలలో ఘర్షణ పేరు మారుతుంది; దాని దిశ మారదు. ఆ దిశను తల్లిభాషలో తర్కించి గీయగల బాలుడు కొత్త పదాలను కొద్ది నెలలలో నేర్వగలడు. సూత్రాన్ని మాత్రమే కంఠస్థం చేసినవాడు ఏ మాధ్యమంలోనైనా తడబడతాడు. అందుచేత ఉపాధ్యాయులు జవాబుకన్న ముందు బలాల పటాన్ని అడగవలె, ఇంటివద్ద పెద్దలు “ఎన్ని మార్కులు?” అనే ముందు “ఎటు జారుతుంది?” అని అడగవలె.