మైకు ఎవరి చేతిలో ఉండాలి

జై సేవాలాల్ అనేవాళ్లకు జై సేవాలాల్, ప్రైజ్ ది లార్డ్ అనేవాళ్లకు ప్రైజ్ ది లార్డ్. మన దగ్గర ఒకే ఇంట్లో రెండూ వినబడతాయి.

క్రైస్తవులు ప్రభుత్వంతో, రాజకీయ నాయకులతో ఎలా ఉండాలి అనే అంశం మీద మాట్లాడమన్నారు. పెద్ద అంశం. మేం మాత్రం ఉప్పల్, నాచారంలో మనకు జరిగిన రెండు సంగతుల మీదుగా చెబుతాం.

మొదటిది 2023 నవంబరులో జరిగింది. నెలాఖరున, 30న, అసెంబ్లీ పోలింగ్. నాచారం వైపు మన కుటుంబాలు వెళ్లే ఒక చిన్న చర్చికి ఆదివారం ఆరాధన మధ్యలో ఒక అభ్యర్థి తన మనుషులతో వచ్చారు. శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. గెలిస్తే షెడ్డుకు కొత్త రేకులు వేయిస్తానన్నారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. మేమూ ఎత్తాం. ఆ మాట దాచిపెట్టి మిగతాది చెప్పడం న్యాయం కాదు. వానొస్తే నెత్తిన కారే చోట కూర్చున్నవాళ్లకు కొత్త రేకులంటే ఆశ ఉండదా?

మరుసటి ఆదివారం ఇంకో పార్టీవాళ్లు వచ్చి, మాకూ మైకు ఇవ్వండి అన్నారు. ఇస్తే ఒక గొడవ, ఇవ్వకపోతే ఇంకో గొడవ. నెల తిరిగేలోపు యూత్ గ్రూపు రెండుగా చీలింది. గిటారు వాయించే తమ్ముడు ఆరు నెలలు చర్చి గడప తొక్కలేదు. రేకులు ఇప్పటికీ పాతవే.

ఆ తర్వాత గానీ మేం చట్టం ఏమంటుందో చూడలేదు. గుడి, మసీదు, చర్చి ఏదీ ఎన్నికల ప్రచారానికి వేదిక కాకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. ప్రార్థనాస్థలాన్ని రాజకీయ కార్యకలాపాలకు వాడనిస్తే దాన్ని నడిపేవాళ్లకు శిక్ష ఉందని 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం చెబుతుంది. మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్యేనని, ఆ మతం అభ్యర్థిదైనా, ఓటరుదైనా ఒకటేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. అంటే ఆ రోజు మైకు ఇచ్చినందుకు ఇబ్బందిలో పడగలిగింది మన పాస్టరుగారు కూడా.

మరి నాయకులు చర్చికి రాకూడదా? రావచ్చు. అందరితోపాటు చాప మీద కూర్చోవచ్చు. ఆయన ఏ పార్టీ అయినా ఆయన కోసం ప్రార్థన చేయాలి. అధికారంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాసినప్పుడు పార్టీ చూసి ప్రార్థించమని రాయలేదు. గెలిచినాయన కోసం ఎంత ప్రార్థిస్తామో ఓడినాయన కోసమూ అంతే. మైకు మాత్రం ఇవ్వకూడదు. క్రిస్మస్‌కు ప్రభుత్వం ఇచ్చే విందు గురించి కూడా కొందరు అడుగుతున్నారు. తీసుకోవడంలో తప్పు లేదు. అది ఎవరి జేబులోంచీ వచ్చింది కాదు, మనం కొన్న సబ్బు మీద, చెప్పుల మీద కట్టిన పన్ను. కాబట్టి దానికి ఓటు బాకీ పడినట్టు అనుకోకండి.

ఇక రెండో సంగతి. ఇది మాకు ఎక్కువ బాధ కలిగించింది.

మన పిల్లవాడొకడు ఇంటర్ పాసై కౌన్సెలింగ్ కోసం ఎస్టీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒక కార్యాలయంలో, మీరు చర్చికి పోతారంట కదా, ఇంక ఎస్టీ ఎట్లవుతారు అని అడిగారు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. ఇంటికి విచారణకు వస్తారేమోనని గోడమీది వాక్యం క్యాలెండర్ తీసి బీరువా వెనక పెట్టాడు. ఆ సాయంత్రం మేం వాళ్లింటికి వెళ్లేసరికి గోడమీద క్యాలెండర్ చోట తెల్లటి చతురస్రం కనబడింది.

తమ్ముళ్లూ, ఇది ఒక్కసారి బాగా వినండి. మతం షరతు ఉన్నది 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో, మూడో పేరాలో. మొదట హిందువులకే పరిమితమైన ఆ జాబితాలోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. అందుకే మన పక్క బెంచీలో కూర్చునే మాల, మాదిగ క్రైస్తవులు మన రాష్ట్రంలో బీసీ-సీలో ఉన్నారు. అది వాళ్లకు జరుగుతున్న అన్యాయమనే మా అభిప్రాయం. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మాత్రం అలాంటి షరతు లేదు. తెలంగాణలో లంబాడీలు 1976 సవరణ చట్టంతో ఆ జాబితాలోకి వచ్చారు. అందులో ఏ దేవుణ్ణి కొలుస్తారన్న గడి లేదు.

ఇవన్నీ ఒక పేజీలో రాసి, పిల్లవాడితోనే సంతకం పెట్టించి, అతన్నే తీసుకెళ్లాం. ఏ నాయకుడి ఫోనూ చేయించలేదు. చేయిద్దామన్నవాళ్లు ఉన్నారు, కాదనం. అక్కడి అధికారి కూర్చోబెట్టి, కాగితం రెండుసార్లు చదివారు. మూడు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. క్యాలెండర్ గోడెక్కింది.

పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయంలో అధికారులకు లోబడమన్నాడని అందరూ చెబుతారు. అదే పౌలు ఫిలిప్పీలో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 16లో చూడండి. విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారాక చప్పుడు కాకుండా వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు. మేం రోమా పౌరులం, అధికారులే వచ్చి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. లోబడటం అంటే తల వంచుకుని పోవడం అని ఆయన అనుకోలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 2004లో కేరళ నుంచి వచ్చిన చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదంది. అయితే ఆ మనిషి తెగ ఆచారాలను, సంప్రదాయాలను పాటిస్తున్నాడా, తెగకున్న సామాజిక ఇబ్బందులు అతనికీ ఉన్నాయా అన్నది చూడాలంది. మతం మారినవాళ్లను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని అడిగేవాళ్లు దేశంలో ఉన్నారు. కాబట్టి గోర్ బోలి రాదని, తండాకు పోయి ఏళ్లయిందని గొప్పగా చెప్పుకునే తమ్ముళ్లు కొంచెం ఆలోచించండి. తీజ్ విషయంలో పాస్టర్లతో మనకు పేచీ ఉంది, అది ఇంకో రోజు కూర్చుని తేల్చుకుందాం.

మనకు ముందు నడిచినవాళ్లు లేకపోలేదు. జైపాల్ సింగ్ ముండా క్రైస్తవుడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో లేచి నిలబడినప్పుడు ఆయన మాట్లాడింది ఆదివాసులందరి తరఫున. మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దన్నారు. మా చర్చి ఓట్లు ఇన్ని ఉన్నాయి, మాకేమిస్తారు అని బేరానికి కూర్చునే పెద్దలు ఈ ఇద్దరి సంగతీ చదవాలి.

చివరిగా ఓటు. వరంగల్ బస్సులు ఆగే ఉప్పల్‌లో మన తల్లిదండ్రులు దిగి పాతికేళ్లు దాటింది. మనలో చాలామందికి ఓటు మాత్రం ఇంకా తండాలోనే ఉంది. 2018లో మన తండాలు చాలావరకు గ్రామపంచాయతీలయ్యాక సర్పంచ్ ఎన్నిక మనింటి ఎన్నికైంది, ఆ ప్రేమ మాకూ తెలుసు. కానీ నీళ్లు రాకపోతే, మోరీ పొంగితే, మనం అడగాల్సింది ఇక్కడి కార్పొరేటర్ను, ఇక్కడి ఎమ్మెల్యేను. జాబితాలో పేరు లేనివాళ్ల మాట వాళ్లెందుకు వింటారు? రెండు చోట్లా ఓటు ఉండటం చట్టప్రకారం కుదరదు. అక్కడో ఇక్కడో మీరే తేల్చుకోండి. మేం మాలో మేం చాలా వాదించుకుని ఇక్కడికి మార్చుకున్నాం.

మార్చుకోవాలంటే ఫారం 8, కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్లకు ఫారం 6. హాలు వెనక మంచినీళ్ల డ్రమ్ము పక్కన టేబుల్ వేశాం, ఇద్దరు అక్కలు కూర్చున్నారు. ఆధార్, కరెంటు బిల్లు తెచ్చినవాళ్లు భోజనానికి ముందే వెళ్లండి. తర్వాత లైన్ పెరుగుతుంది.