యూరియా బస్తాలో లేనిది

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది త్వరలోనే ఏదో ఒక మండలంలో రైతుల మధ్య ఉంటారు. అందుకే ఈరోజు ఒక్క పంట గురించి, దానికి అందని ఒక్క పోషకం గురించే మాట్లాడతాను. రాయలసీమ ఎర్రనేలల్లో పండే వేరుశనగ, దానికి చాలని గంధకం.

"చేను పసుపెక్కింది, యూరియా చల్లమంటారా?" అని రైతు అడుగుతాడు. వెంటనే సరేననకండి. చేలోకి దిగి, పసుపు ఎక్కడ మొదలైందో చూడండి. నత్రజని చాలనప్పుడు మొక్క దాన్ని ముదురాకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. గంధకం అంత సులువుగా కదలదు. అది కొరవడితే లేతాకులే ముందు పాలిపోతాయి. ఇనుము లోపంలోనూ లేతాకులే పసుపెక్కుతాయి గాని, ఈనెలు పచ్చగా ఉంటాయి. సున్నపు నేలల్లో పనిచేసేవాళ్లు ఈ తేడా మరవకూడదు.

గంధకం లేనిచోట నత్రజని పోసి లాభం లేదు. మిథియోనిన్, సిస్టీన్ తయారుకావాలంటే గంధకం కావాలి. అవి లేకపోతే మాంసకృత్తుల తయారీ కుంటుపడి, మొక్క తీసుకున్న నత్రజని ఆకుల్లోనే పేరుకుంటుంది. వేరుశనగలో ఇంకో సంగతి ఉంది. వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైమ్ నిర్మాణంలోనే ఇనుముతోపాటు గంధకం ఉంది. యూరియా అతిగా వేస్తే ఆ బుడిపెలే తగ్గిపోతాయి. తన నత్రజనిలో చాలా భాగం తానే సంపాదించుకోగల పంటకు మనం బస్తాలు మోసి, దానికి నిజంగా కావలసింది మాత్రం ఇవ్వడం లేదు. ఇది నన్ను బాధపెడుతుంది.

ఈ లోటు ఎలా వచ్చింది? 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది, గంధకం ఉండదు. అంతే భాస్వరం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌తో ఇవ్వాలంటే దాదాపు మూడు బస్తాలు కావాలి, కానీ వాటితో సుమారు 16 కిలోల గంధకం అడగకుండానే నేలకు చేరుతుంది. మూడు బస్తాల మోత, కూలి తప్పించుకోవడానికి రైతు ఒక్క బస్తా ఎంచుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. ఆ ఒక్క బస్తాతో ఏం పోతుందో చెప్పాల్సిన బాధ్యత మనది. మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల మెట్ట పొలాల్లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ చేసిన మట్టి పరీక్షల్లో గంధకం, బోరాన్, జింకు లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. ఐరోపాలో ఈ కథ వేరే దారిలో నడిచింది. బొగ్గు పొగను కట్టడి చేశాక వానతో పడే గంధకం తగ్గింది, బ్రిటన్, జర్మనీల ఆవజాతి నూనె పంటలో లోపం పైకి తేలింది. పసుపుపచ్చని పూలు తెల్లబారాయి. గాలి శుభ్రపడటం మంచిదే, అయితే ఆ గంధకాన్ని ఇప్పుడు ఎరువుగా ఇవ్వాల్సి వచ్చింది.

గంధకం పూసిన యూరియా 2023లో మన దేశంలో విడుదలైంది. అందులో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉంటాయి. ఇతర నూనెగింజలకు అది పనికిరావచ్చు. వేరుశనగకు మాత్రం నేను జిప్సమే చెబుతాను. గంధకంతోపాటు కాల్షియం కూడా ఇస్తుంది కాబట్టి. కాయకు కావలసిన కాల్షియాన్ని ఊడలు, లేత కాయలు నేలలోంచి నేరుగా తీసుకుంటాయి, అందుకే అది కాయ ఊరే చోటే ఉండాలి. అక్కడ లేకపోతే కాయ తాలుపోతుంది. ఎకరాకు 200 కిలోలు, పూత సమయంలో, మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయించండి. నేలలో తేమ ఉండాలి. ఊడలు దిగాక గుంటక తోలనివ్వకండి.

అయితే ప్రతి చేనుకూ ఇదే చీటీ రాయకండి. మట్టి పరీక్ష చేయించి, గంధకం తక్కువని తేలితేనే దాని కోసం ఖర్చు పెట్టించండి. మొదటి ఏడాది ఊరికి ఒక్క రైతును ఒప్పించి, ఆయన చేలో నాలుగు సాళ్లు జిప్సం లేకుండా వదిలించండి. కోత రోజు మీరు అక్కడ ఉండండి. రెండు వైపులా చెట్లు ఆయన చేతే పీకించి, కాయలు ఒలిపించి, పప్పు తూకం వేయించండి. పక్క చేల రైతులను కూడా ఆ తూకం దగ్గరికి పిలవండి.