చింతమాను కింది పాత ట్రాక్టరు

మన చిత్తూరు జిల్లాలో చింతమాను కింద తుప్పుపట్టిన ట్రాక్టరు లేని ఊరు అరుదు. కదలకపోయినా ఆయుధపూజనాడు దానికి పసుపు, కుంకుమ తప్పవు. "మా నాయన కొన్న బండి సార్, అమ్మేదానికి మనసొప్పదు" అంటారు. తప్పనను. ముసలి ఎద్దును సంతకు తోలని ఇళ్ళు గదా మనవి!

అయితే ఎద్దు పేడైనా వేస్తుంది. ఈ బండి రిపేరు ఖర్చు దాని ధరను మించిందనుకోండి, ఆ డబ్బు పెట్టినా నమ్మకమేది? మన ఎర్రనేలల్లో పదును రెండు మూడు నాళ్ళకే ఆరిపోతుంది. ఆనాడు ఇంజను మొరాయిస్తే వేరుశనగ విత్తేదెట్లా? బాడుగ బండ్లన్నీ అప్పటికే ఎవరి చేలోనో ఉంటాయి. ఇక బ్రేకు పట్టని బండికి లోడు ట్రాలీ తగిలించి మొగిలి ఘాటు దించడం ప్రాణంతో చెలగాటం సుమండీ.

ఇంజను ఒక్కటే బాగుంటే బావి దగ్గర పంపుకు తిప్పుకోండి. అదీ లేదంటే పాత ఇనుముకు ఇవ్వండి. ఊరికే ఇచ్చేయకండి, 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం బండి ఇక పనికిరాదని 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి.

నాయన చేతుల్లో అరిగిన స్టీరింగు మాత్రం ముందే విప్పి ఇంట్లో పెట్టుకోండి. తూకంలో దాని బరువెంత!